మినిట్స్ పుస్తకం ఉందా మాస్టారూ?

విజయనగరంలో నా ఆడిట్ ప్రాక్టీసు సగం వ్యాపారులతో, సగం సొసైటీలు, ట్రస్టులతో నడుస్తుంది. ఫీజు మొదటివాళ్ళ దగ్గర వస్తుంది, పని రెండోవాళ్ళ దగ్గర పడుతుంది. 2021 తరవాత ఈ రెండోవాళ్ళు ఆఫీసులోకి వచ్చి, కుర్చీలో కూర్చోకముందే అడిగేది ఒకటే: "సీఎస్ఆర్ నంబరు ఇప్పించండి."

ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి నిబంధన మారింది. కంపెనీ తన సామాజిక బాధ్యత సొమ్మును బయటి సంస్థ చేత ఖర్చు చేయించాలంటే, ఆ సంస్థ కంపెనీ వ్యవహారాల శాఖకు సీఎస్ఆర్-1 ఫారం పెట్టి నంబరు తెచ్చుకుని ఉండాలి. సొమ్ముకు మూలం 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్. నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు: వీటిలో ఏ ఒక్కదాన్ని అందుకున్నా, గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం తీసి పెట్టాల్సిందే. కంపెనీ తన చుట్టుపక్కల ఊళ్ళకు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల పక్కనున్న సంస్థకు అది వరం. పార్వతీపురం కొండల్లో పనిచేసేవాళ్ళకు చుట్టుపక్కల ఫ్యాక్టరీ ఏది? అవసరం ఎక్కువున్న చోటికి డబ్బు తక్కువగా వెళ్ళే ఏర్పాటు ఇది అని నా అభిప్రాయం.

ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు వచ్చారు. వినికిడి లోపమున్న పిల్లలకు హాస్టలు నడుపుతారు. "కంపెనీవాళ్ళు నంబరుంటే పట్టుకురమ్మన్నారండీ. ఎల్లుండికి అయిపోతుందా?"

"ఫారం అరగంట పని మాస్టారూ. మినిట్స్ పుస్తకం ఉందా?"

ఆయన ముఖం చూస్తే తెలిసిపోయింది.

సంచిలోంచి కాగితాలన్నీ బల్లమీద పరిచాం. సొసైటీ రిజిస్ట్రేషన్ పత్రంలో 'సమితి' అనే మాటకు ఇంగ్లీషు స్పెల్లింగులో టీ తరవాత హెచ్ ఉంది. పాన్ కార్డులో లేదు. మనవాళ్ళ పేర్లన్నిటికీ ఉన్న జబ్బే ఇది. మనిషి కంటికి ఆనదు గానీ, పోర్టల్ ఒప్పుకోదు. ముందు పాన్ దిద్దించాలి. కోశాధికారి కాలం చేసి చాలా రోజులైంది, బ్యాంకులో మాత్రం ఇంకా ఆయన సంతకమే నడుస్తోంది. 2001 సొసైటీల చట్టం కింద ఏటా జిల్లా రిజిస్ట్రారుకు ఇవ్వాల్సిన కార్యవర్గం జాబితా ఇవ్వలేదు. ఇక ఆదాయపు పన్ను పోర్టల్లో ఉన్న ఈమెయిలూ, ఫోన్ నంబరూ కోట దగ్గర నెట్ సెంటర్ కుర్రాడివి. ఆ కుర్రాడు సెంటరు ఎత్తేసి హైదరాబాదు వెళ్ళిపోయాడు. ఓటీపీలు అతనికి వెళ్తున్నాయి, నోటీసులూ అతనికే వెళ్తున్నాయి.

అసలు చిక్కు అక్కడే బయటపడింది. కంపెనీ తాను స్థాపించనిదీ, ప్రభుత్వం స్థాపించనిదీ అయిన సొసైటీకి ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ రిజిస్ట్రేషన్, 80జీ ఆమోదం రెండూ ఉండాలి. దాంతోపాటు అలాంటి పనిలోనే కనీసం మూడేళ్ళ అనుభవం ఉండాలి. (2025 కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారిపోయాయి. మా ఆఫీసుల్లో మాత్రం ఇంకా పన్నెండు ఏ, ఎనభై జీ అనే అంటాం.) మాస్టారికి ఉన్నది మూడేళ్ళ తాత్కాలిక రిజిస్ట్రేషన్. అది ముగియడానికి కనీసం ఆరు నెలల ముందే రెగ్యులర్‌కు దరఖాస్తు పెట్టాలన్న సంగతి ఎవరూ ఆయన చెవిన వెయ్యలేదు. గడువు ఇంకా ఉండబట్టి సరిపోయింది. హైదరాబాదులోని మినహాయింపుల కమిషనరు ఆఫీసు అడిగినవన్నీ ఒక్కొక్కటే పంపాం: బిల్లులు, పిల్లల హాజరు, దాతల జాబితా.

మినిట్స్ సంగతి కొంచెం చెప్పాలి. పుస్తకం లేదంటే కొందరు మర్నాటికల్లా పట్టుకొస్తారు. మూడేళ్ళ సమావేశాలు, అన్నీ ఒకే చేతిరాత, ఒకే నీలం సిరా, అన్ని పేజీల్లోనూ ఒకేచోట కాఫీ మరక. ఆ పుస్తకాన్ని అలాగే వెనక్కిచ్చేస్తాను. సీఎస్ఆర్-1 మీద సంస్థ ప్రతినిధి డిజిటల్ సంతకంతోపాటు సీఏ గానీ, కంపెనీ సెక్రటరీ గానీ, కాస్ట్ అకౌంటెంట్ గానీ ధ్రువీకరించాలి. సంతకం నాది, దొంగ పుస్తకానికి జవాబుదారీ కూడా నేనే. మాస్టారు అలా చెయ్యలేదు. చిత్తు నోటు పుస్తకంలో తేదీలు వేసి రాసుకున్నవి తెచ్చారు. బియ్యం ధర పెరిగిందనీ, ఆయమ్మకు జీతం వంద పెంచామనీ అందులో ఉంది. నాకు అంతకన్నా మంచి రికార్డు ఇంకొకటి కనబడలేదు.

అన్నీ కుదిరాక ఫారం నిజంగానే అరగంటలో అయింది. పెట్టగానే నంబరు దానంతటదే వచ్చేస్తుంది. ఆ సాయంత్రం మాస్టారు మిఠాయి పొట్లంతో వచ్చారు. నంబరొస్తే డబ్బొచ్చినట్టేనని ఆయన లెక్క. కంపెనీవాళ్ళ పని మొదలయ్యేదే అక్కడ. మూడేళ్ళ ఆడిట్ లెక్కలు, రిటర్నులు అడుగుతారు, హాస్టలుకొచ్చి వంటగది చూసిపోతారు. ఇచ్చిన సొమ్ము చెప్పిన పనికే ఖర్చయిందని వాళ్ళ సీఎఫ్ఓ బోర్డుకు ధ్రువీకరించాలి కాబట్టి, రసీదు లేని ఖర్చును వాళ్ళు ఒప్పుకోలేరు. మాస్టారికి మొదటి ఏడాది దక్కింది వినికిడి యంత్రాలకు సరిపడా సొమ్ము మాత్రమే. అడిగిన భవనం రాలేదు.

ఈమధ్య ఊరూరా కొత్త దళారులు దిగారు. "సీఎస్ఆర్ రిజిస్ట్రేషన్ మేం చేయిస్తాం, కోటి రూపాయల ఫండు గ్యారంటీ, ముందు యాభై వేలు కట్టండి" అంటారు. సేవాసంస్థలు నడిపేవారికి నా మనవి: సీఎస్ఆర్-1కు ప్రభుత్వ ఫీజు ఏమీ లేదు. డిజిటల్ సంతకానికీ, ధ్రువీకరించే మా బోటివాళ్ళకూ ఇచ్చేదే ఖర్చు. ఫండు గ్యారంటీ అన్నవాడికి పైసా ఇవ్వకండి. ఆదాయపు పన్ను పోర్టల్లో మీ సంస్థ పేరు కింద ఎవరి ఫోన్ నంబరుందో ఇవాళే చూసుకోండి.