నాన్నగారి ఖాతా పుస్తకం

బరంపురం అప్పడాల రుచి తెలిసినవారు మన పాఠకుల్లో చాలామందే ఉంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మా ఊరు మద్రాసు రాజధానిలోనిది. అందుకే మాకు బజారులో ఒరియా, ఇంట్లో తెలుగు అలవాటు. మా నాన్నగారి అప్పడాల కొట్టుకు బోర్డు ఒరియాలో ఉండేది. ఖాతా మాత్రం ఆయన తెలుగులోనే రాసుకునేవారు. ఆ ఖాతా పుస్తకం గురించే ఈ నాలుగు మాటలు.

ముందు గదిలో కొట్టు, వెనక పెరట్లో పని. తెల్లవారుజామున నాలుగింటికే అమ్మా, నాన్నగారూ లేచి మినపపిండిలో ఉప్పు, ఇంగువ, జీలకర్ర, మిరియాలు వేసి కలిపేవారు. ఆ ముద్దను రోకలితో దంచి, నూనె చేత్తో పొడవుగా సాగదీసి, దారంతో ఉండలు కోసేవారు. వీధిలోని అయిదుగురు ఆడవాళ్ళు వచ్చి ఒత్తేవారు. వందకింత అని కూలి. వాన పట్టిందంటే అప్పడాలు ఆరవు, బూజు పడతాయి. గల్లాపెట్టె ఖాళీగా ఉన్నా శనివారం సాయంత్రం కూలి ఆగేది కాదు. ఆ తరవాతే మా ఇంటికి బియ్యం. రాత్రి మేం చదువుకుంటుంటే, ఆ పాఠాలు తనకు అర్థం కాకపోయినా, పుస్తకాలు మూసేదాకా నాన్నగారు పక్కనే కూర్చునేవారు.

బి.కాం. చదివే రోజుల్లో నేను కొట్టుకు లాభనష్టాల పట్టీ వేశాను. అమ్మానాన్నల కష్టానికి జీతం కడితే కొట్టు నష్టంలోనే ఉందని తేలింది. నాన్నగారు అది చూసి, "నీ కాలేజీ ఫీజు ఏ వరసలో రాశావు బాబూ?" అన్నారు. అది సొంత వాడకం కిందకు పోతుందన్నాను. నవ్వి ఊరుకున్నారు.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను మా ఊరికి దగ్గర్లోని గోపాల్‌పూర్ వద్ద తీరం దాటింది. మా ఇంటి పెంకులు ఎగిరిపోయాయి. దసరా అమ్మకాలకు చేసిన సరుకంతా తడిసిపోయింది. నేనప్పుడు ఉద్యోగరీత్యా చెన్నైలో ఉన్నాను. నాలుగు రోజులకు ఫోను కలిసింది. ఎలా ఉన్నారని అడిగానో లేదో, "ఈ వయసులో మళ్ళీ పెట్టుబడి పెడితే తిరిగి రాదు నాన్నగారూ, కొట్టు మూసేయండి" అన్నాను. బ్యాంకులో అప్పు కోసం వచ్చినవారితో మాట్లాడే గొంతు అది. ఆయన కాస్త ఆగి, "ఆడవాళ్ళ ఇళ్ళు కూడా పడిపోయాయి బాబూ" అన్నారు. ఇల్లు బాగుచేయించుకోమని ముప్పై వేలు పంపాను. ఆ తరవాత ఆయన నా దగ్గర కొట్టు మాట ఎత్తలేదు. డిసెంబరులో మళ్ళీ తెరిచారని తమ్ముడు చెబితే తెలిసింది.

2019 జనవరిలో మా అమ్మాయి చేతిలో పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ పాసుపుస్తకం పెట్టారు. తాతగారి కానుక అనుకున్నాం. ఆ ఏడాది వానాకాలంలోనే ఆయన కాలం చేశారు.

కర్మకాండ అయ్యాక కొట్టు సర్దుతూ ఖాతాలు తిరగేశాను. 2013 తుపాను తరవాత ఆరు వారాలు అమ్మకం లేదు. అయిదుగురికీ వారం వారం సగం కూలి ఇచ్చినట్టు ఉంది. ఆ కింద, "పెద్దబ్బాయికి బాకీ 30,000." 2014 జనవరి నుంచి నెలకు 500 చొప్పున 60 జమలు. 2018 డిసెంబరు దగ్గర గీత గీసి, "చెల్లు" అని రాశారు.

పాసుపుస్తకం తెచ్చి పక్కన పెట్టుకున్నాను. ఒక్క వాయిదా తప్పలేదు. అమ్మను అడిగితే, "కొడుకు మాట కాదని కొట్టు తెరిచాను, వాడి డబ్బు ఊరికే ఎలా తింటాను అనేవారు నాయనా" అంది. ఎన్నో అప్పుల ఫైళ్ళు చూసిన నేను ఆ పేజీ ముందు పిల్లవాడిలా ఏడ్చాను.

ఇప్పుడు కొట్టు తమ్ముడు చూసుకుంటున్నాడు. పాతవారిలో ఇద్దరు ఇంకా వస్తున్నారు. వాన పట్టిందని తెలిస్తే ఫోను చేసి, ముందు వాళ్ళ కూలి సంగతే అడుగుతాను. దూరాన ఉండి తల్లిదండ్రులకు డబ్బు పంపే పాఠకులకు నాదొక్కటే మనవి. డబ్బుతోపాటు ఏం మాట్లాడుతున్నామో కాస్త చూసుకుందాం.