నాన్న భుజం, పాత జీపు, పవర్ స్టీరింగ్

గ్రూపులో అందరూ డీఎస్సీ గురించి, హాస్టళ్ల గురించి రాస్తుంటే మేం జీపు గురించి రాస్తున్నామని నవ్వకండి. మన ఏజెన్సీలో పాత జీపులున్న ఇళ్లు చాలానే ఉన్నాయి. వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాం.

మాది పాడేరు వైపు కొండ మీద ఊరు. ఇంట్లో 1996 మోడల్ మహీంద్రా కమాండర్ ఉంది. కాఫీ, మిరియాలు, పసుపు సంతకి చేర్చేది అదే. రాత్రిపూట ఎవరికైనా నొప్పులొస్తే, డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చాక ఎక్కించేదీ అదే. నడిపేది నాన్న ఒక్కరే. పోయినేడాది వానాకాలం నుంచి ఆయన కుడి భుజం సరిగ్గా లేవట్లేదు. ఘాట్‌లో ఒక్కో మలుపు పళ్లు బిగపట్టి తిప్పేవారు. చివరికి "బండి అమ్మేద్దాం" అన్నారు. అన్నాచెల్లెళ్లం మేమిద్దరం ఒప్పుకోలేదు. పవర్ స్టీరింగ్ పెట్టిద్దాం అన్నాం. మేం దాచుకున్నది, అమ్మ దగ్గరున్న కాఫీ డబ్బులు కలిపి 30,000 అయ్యాయి.

అనకాపల్లిలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన సామాను రేట్లు చెప్పలేదు. ముందు చక్రాలు రెండూ జాకీ మీద లేపి స్టీరింగ్ తిప్పమన్నారు. చక్రాలు గాల్లో ఉన్నా బరువుగానే తిరిగింది. "తప్పు రోడ్డుది కాదు బాబూ, బండిదే" అన్నారు. కింగ్ పిన్‌లకి ఏళ్ల తరబడి గ్రీజు లేదు. టై రాడ్ ఎండ్‌లు అరిగిపోయాయి. తర్వాత టైర్లు చూసి "ఇవి ఎవరు వేయించారు?" అని అడిగారు.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఊళ్లో బండి గొప్పగా కనపడాలని రెండేళ్ల కిందట వెడల్పు టైర్లు వేయించింది మేమే. టైరు ఎంత వెడల్పైతే తిప్పడానికి అంత బలం కావాలట. మా షోకు బరువు రెండేళ్లు నాన్న భుజం మోసింది. ఆయన మాత్రం ఒక్క మాటా అనలేదు.

అరిగినవి మార్చి, కంపెనీ సైజు టైర్లు వేసి, గాలి సరిగ్గా పెట్టాక బండి చాలా తేలికైంది. కానీ లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు నాన్నకి ఇంకా నొప్పే. అప్పుడు పవర్ స్టీరింగ్ మాట కొచ్చాం.

రెండు దారులున్నాయి. ఒకటి ఎలక్ట్రిక్. చిన్న కార్ల నుంచి తీసిన మోటారుని స్టీరింగ్ రాడ్‌కి కలుపుతారు. పంపు, ఆయిల్ గొడవ లేదు. కానీ రాడ్‌ని కోసి అతకాలి, ఆ అతుకు మీదే ప్రాణాలుంటాయి. పైగా మాది తెరిచిన బండి, వానొస్తే లోపలంతా తడుస్తుంది. వైరింగ్ కూడా పాతది. రెండోది హైడ్రాలిక్. బొలెరో నుంచి తీసిన బాక్సు, పంపు. ఇంజిన్ బెల్టుతో పంపు తిరిగి ఆయిల్ ఒత్తిడితో సాయం చేస్తుంది. పంపు బ్రాకెట్ కాస్త వంకరైనా బెల్టు జారిపోతుంది, పైపులు కారొచ్చు. అయితే కారితే కంటికి కనపడుతుంది, పాడేరులోనే బాగుచేసేవాళ్లున్నారు. అందుకే అదే పెట్టించాం. మన కొండ మీద బాగుపడే వస్తువే మనకి మంచిది.

అసలు భయం తర్వాత వచ్చింది. డీజిల్ మిగులుతుందని దిగుడులో ఇంజిన్ ఆపేసే అలవాటు నాన్నకి ఎప్పటినుంచో ఉంది. మొదటిసారి ఖాళీ బండితో దిగుతూ, మోదకొండమ్మ పాదాల దగ్గర ఆగి దండం పెట్టుకుని బయల్దేరాక, అలవాటుగా ఇంజిన్ ఆపేశారు. ఇంజిన్ ఆగితే పంపు ఆగుతుంది. స్టీరింగ్ పాతదానికన్నా బరువైపోయింది. మలుపు దగ్గరికొచ్చేసింది. పక్కనున్న అన్న చెయ్యి వేసి లాగాడు, నాన్న బ్రేకు తొక్కారు. బండి గోడకి జానెడు దూరంలో ఆగింది. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఆ రోజు నుంచి దిగుడులో ఇంజిన్ ఆన్‌లో, బండి గేర్‌లోనే ఉండాలి. ఇంట్లో ఇదే రూలు. నాన్న ఇప్పుడు సంతకి వెళ్లొచ్చి భుజం పట్టుకోకుండా అన్నం తింటున్నారు. చెల్లి కూడా లైసెన్స్ తీసుకుంది. రాత్రి కబురొస్తే నాన్నని లేపాల్సిన పని లేదు.

మీ ఇంట్లో పాత జీపుంటే సామాను కొనేముందు జాకీ పెట్టి చూడండి. మార్పులు చేయించేముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి, మేం అడిగే చేయించాం. పెట్టించాక, నడిపేవాళ్ల పాత అలవాట్లు ఏంటో కూర్చుని మాట్లాడుకోండి. మేం ఆ పని చేయలేదు.