కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం నుంచి రెండు లేఖలు

బొర్రా గుహలు స్టేషన్



బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడానికి 1960ల్లో వేసిన ఈ మార్గంలో మొత్తం 58 సొరంగాలు ఉండగా, శిమిలిగూడ దగ్గర పట్టాలు సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తుకు చేరతాయి. ఇక్కడి కొండల్లో విస్తారంగా ఉన్న ఖోండలైట్ శిలలోని ఫెల్డ్‌స్పార్ ఖనిజం వాననీటికి క్రమంగా బంకమట్టిగా మారిపోతుంది కనుక, గట్టి వానలకు చరియలు విరిగి పట్టాల మీద పడడం ఈ దారికి కొత్త కాదు.

ఇక భూకంపాల సంగతికి వస్తే, 2002లో సవరించిన భారత భూకంప పటంలో ఈ దారిలోని అరకు రెండో మండలంలో, అంటే అందులోని నాలుగింటిలో అతి తక్కువ ప్రమాదం గల మండలంలో ఉండగా, మన ఇల్లున్న ఒంగోలు మూడో మండలంలో ఉంది. అయితే 1993 సెప్టెంబరు 30న సుమారు పదివేల ప్రాణాలు తీసిన భూకంపం వచ్చిన లాతూరు ప్రాంతం కూడా నాటి పటంలో అన్నిటికన్నా తక్కువ ప్రమాదం గల మొదటి మండలంలోనే ఉండేది. ఆ మండలాన్ని 2002లో ఎత్తివేసి రెండో దానిలో కలిపారు. పటం నమ్మదగినదే గాని, కట్టడం ఎంత గట్టిగా ఉందో అది చెప్పదు.

అరకు లోయ

పటం చెప్పని ఆ గట్టిదనాన్ని వంతెన ఊపును బట్టి అంచనా వేయవచ్చు. వంతెనను కదిపి వదిలితే అది సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్కను సహజ పౌనఃపున్యం అంటారు. దానిని యాక్సిలరోమీటర్లనే త్వరణ మాపకాలతో నమోదు చేస్తారు, వంతెనను కదిపే పని దాని మీదుగా వెళ్లే ఖనిజపు రైలే చేసిపెడుతుంది. చిక్కేమిటంటే, ఈ పౌనఃపున్యం కట్టడపు బిగువుకు వర్గమూలం చొప్పున మారుతుంది కాబట్టి బిగువు 19 శాతం తగ్గినా పౌనఃపున్యం 10 శాతమే తగ్గుతుంది. అరకులో పొగమంచు కమ్మిన ఉదయానికీ మధ్యాహ్నపు ఎండకూ నడుమ, ఏ దెబ్బా తగలకుండానే అది కొంత మారుతుంది. అందువల్ల అన్ని రుతువుల కొలతలూ ముందే దగ్గర ఉంటే తప్ప, భూకంపం తరువాత తీసిన కొలత దేనివల్ల తగ్గిందో తేల్చలేరు. పరికరాల కొనుగోలుకు దొరికే ఉత్సాహం ఈ ఓపిక పనికి దొరకడం లేదేమోననిపిస్తుంది.

వంతెనల నుంచి ఇళ్ల సంగతికి వస్తే, ఇక్కడి గిరిజన గ్రామాల్లో వెదురు తడికకు మట్టి మెత్తిన పాత ఇళ్లు తేలికైనవి గనుక భూమి కదిలినప్పుడు వాటి మీద పడే బలం తక్కువ. కాంక్రీటు కప్పు బరువు కనుక దాని కింద స్తంభాలు, దూలాలు, వాటి కలయికల్లోని ఇనుము సరిగ్గా ఉండాలి. ఒంగోలు ఇంటి మీద నాన్నగారు వేయదలచిన అంతస్తు సంగతి ఇక్కడే గుర్తుకు వస్తుంది. కింది అంతస్తును గోడలు లేకుండా కార్ల కోసం వదిలేస్తే అది పై అంతస్తులకన్నా బలహీనమవుతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపానికి అహ్మదాబాదులో కూలిన మేడల్లో అటువంటివి చాలా ఉన్నాయి. ఒంగోలు కూడా 1967 మార్చి 27న 5.4 తీవ్రత గల కంపాన్ని చూసిన ఊరే. మేస్త్రీ మాటతో సరిపెట్టక స్ట్రక్చరల్ ఇంజనీరు చేత స్తంభాలను, పునాదిని పరీక్ష చేయించి, ఈలోగా మన వంటింటి గోడలో ఉన్న పగులు పెరుగుతోందో లేదో తెలిసేలా దాని రెండు చివరలా పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ వేసి ఉంచవలసిందిగా మనవి.