మిగిలిన సరుకు ఎవరి నెత్తిన?

మా రాయచోటికి టేప్‌రికార్డర్ కువైట్ నుంచి వచ్చింది. వీధికి నలుగురు కువైట్‌లో ఉండేవాళ్లు. రెండేళ్లకో మూడేళ్లకో సెలవు మీద ఊరికొస్తే, సూట్‌కేసులో సెంటు సీసాలతో పాటు ఒక టూ-ఇన్-వన్ కూడా దిగాల్సిందే. దానికి జబ్బు చేస్తే చూసే 'డాక్టరు' మా చిన్నాయన. రేడియో రిపేరింగ్ కోర్సు ఒక్కటే ఆయన చదువు. బస్టాండు దగ్గర రేకుల బంకు పెట్టుకుని టేపులు బాగుచేశాడు. తర్వాత టీవీలు అమ్మాడు. ఆ తర్వాత సెల్‌ఫోన్లు. ఇప్పుడు సీసీ కెమెరాలు బిగిస్తున్నాడు.

ఆయన అంగడి వెనక గదిలో ఒక ఇనుప అలమార ఉంది. నలభై ఏళ్లలో అమ్ముడుపోక మిగిలిన సరుకంతా అందులోనే. వాక్‌మన్లు, బ్లాక్ అండ్ వైట్ టీవీ స్పేర్లు, సీడీ ప్లేయర్లు, సీలు కూడా తియ్యని ఫోను డబ్బాలు... మనం 'డెడ్ స్టాక్' అంటాం. చిన్నాయన మాత్రం 'వడ్డీల బీరువా' అంటాడు. ప్రతి డబ్బా వెనకా ఎవరి దగ్గరో తెచ్చిన అప్పు, దానికి కట్టిన వడ్డీ ఉంటాయి మరి!

పోయిన వేసవిలో ఆ ఇంట్లో ఒక పంచాయితీ నడిచింది. చిన్నాయన కొడుకు ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశాడు. శ్రీసిటీలో ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలో నాలుగేళ్లు పనిచేశాడు. 'ఎన్నాళ్లు ఎవరిదో ఫోను బిగించేది? మనదే ఒక వస్తువు చేద్దాం' అంటూ ఉద్యోగం మానేసి వచ్చేశాడు. వాడు చేస్తానన్నది సెల్ స్టార్టర్. బోరు మోటారు పక్కన బిగించే డబ్బా అది. లోపల ఒక సిమ్ కార్డు ఉంటుంది. త్రీఫేజ్ కరెంటు రాగానే రైతుకు కబురు పంపుతుంది, ఇంట్లో కూర్చుని ఫోను నొక్కితే మోటారు ఆడుతుంది. బోర్లే దిక్కయిన మా సీమలో దాని అవసరం గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. వాడి లెక్క 500 డబ్బాలు, ఆరు లక్షల రూపాయలు. అందుకు రెండెకరాల చేను బ్యాంకులో పెట్టాలి.

పిన్ని ఒప్పుకోలేదు. చిన్నాయన ఔననలేదు, కాదనలేదు. 'నువ్వు పేపర్లో వ్యాపారాల గురించి రాస్తావు కదబ్బీ, నువ్వే చెప్పు' అని నన్ను పిలిచారు.

టమాటా గంప

చిన్నాయన తన కొడుకును అడిగింది ఒకటే మాట. 'ఐదొందలు చేస్తావు, సరే. రెండొందలు మిగిలితే ఎవరి నెత్తిన?'

ఎంబీఏ పుస్తకాల్లో అధ్యాయాలకు అధ్యాయాలు రాసే సంగతిని ఆయన ఒక్క ప్రశ్నలో అడిగేశాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒకసారి ప్రోగ్రాం రాస్తే పదిమందికి అమ్మినా పదిలక్షల మందికి అమ్మినా కొత్తగా అయ్యే ఖర్చు తక్కువే. తప్పు దొర్లితే రాత్రికి రాత్రి ఇంటర్నెట్‌లో సవరణ పంపొచ్చు. వస్తువు అలా కాదు. ప్రతి డబ్బాకీ ముందే డబ్బు పెట్టాలి. తప్పు దొర్లితే అన్నీ వెనక్కి తీసుకోవాలి. 2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలు కాలిపోతుంటే దాదాపు 25 లక్షల ఫోన్లు వెనక్కి పిలవాల్సి వచ్చింది. చివరికి ఆ మోడల్‌నే ఆపేశారు.

అన్నిటికన్నా పెద్ద శత్రువు కాలం. మదనపల్లె మార్కెట్‌కు టమాటా తోలే రైతుకు ఇది తెలుసు. ఈ రోజు అమ్మకపోతే రేపు ధర ఉండదు, ఎల్లుండి కాయే ఉండదు. ఎలక్ట్రానిక్ సరుకూ అంతే, కాకపోతే కుళ్లిన వాసన రాదు! ఆపిల్ కంపెనీలో టిమ్ కుక్ 1998లో చేరినప్పుడు మొదట చేసిన పని గోదాముల్లో నెలల తరబడి ఉండే నిల్వను రోజుల్లోకి దించడం. పాల వ్యాపారంలా చూసుకోవాలన్నది ఆయన సిద్ధాంతం. ఆయన పాలన్నాడు, మా చిన్నాయన టమాటా అంటాడు.

మన పొరుగున తిరువణ్ణామలైలో బాల్యం గడిపిన ఆడమ్ ఆస్‌బోర్న్ కథ ఇంకా విచిత్రం. రమణ మహర్షి మీద పుస్తకాలు రాసిన ఆర్థర్ ఆస్‌బోర్న్ కొడుకాయన. 1981లో అమెరికాలో చేత్తో మోసుకెళ్లే కంప్యూటర్ తెచ్చాడు. బరువు 11 కిలోలు, ధర 1,795 డాలర్లు. జనం ఎగబడి కొన్నారు. ఉత్సాహం పట్టలేక, ఇంతకన్నా మంచి మోడళ్లు వస్తున్నాయని ముందే చెప్పేశాడు. ఇంకేముంది... పాతవి కొనేవాళ్లు ఆగిపోయారు, కొత్తవి ఇంకా తయారు కాలేదు. లెక్కల అదుపు కూడా తప్పింది. 1983 సెప్టెంబరుకల్లా కంపెనీ దివాలా! మంచి వస్తువు చేయడం వేరు, దాన్ని ఎప్పుడు, ఎన్ని చేయాలో తెలియడం వేరు.

ముందు ఆర్డరు... తర్వాత సరుకు

అలాగని మనవాళ్లు చేతకాని వాళ్లేమీ కాదు. 1967లో అణుశక్తి విభాగం కింద హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పుట్టింది. దాన్ని నిలబెట్టిన డాక్టర్ ఎ.ఎస్.రావు పశ్చిమగోదావరి జిల్లా మోగల్లు వాసి. రెండేళ్లకే అక్కడి నుంచి టీడీసీ-12 కంప్యూటర్ వచ్చింది. ఈసీ టీవీ అంటే ఒకప్పుడు ఎంత గొప్పో! చిన్నాయన ఇప్పటికీ 'ఆ సర్క్యూట్ చూస్తే గుడికి పోయినట్టుంటాది' అంటాడు.

1982 ఏషియాడ్‌తో రంగుల ప్రసారాలు వచ్చాయి. వాటి వెనకే ప్రైవేటు కంపెనీలు, 1990ల్లో కొరియా కంపెనీలు. ఏడాదికో కొత్త మోడల్, ఊరూరా డీలర్లు, పండక్కో తగ్గింపు... ఇళ్లకు టీవీలమ్మే ఆ పందెం నుంచి ఈసీఐఎల్ తప్పుకొంది. కానీ సంస్థ మూతపడలేదు. ఇవాళ ఎన్నికల సంఘానికి ఈవీఎంలు చేసిచ్చేది రెండే సంస్థలు. ఒకటి బెంగళూరు బెల్, రెండోది మన ఈసీఐఎల్. అణు విద్యుత్ కేంద్రాలకు, రక్షణ రంగానికి కూడా పరికరాలు చేస్తోంది. తేడా ఎక్కడుంది? టీవీకి ముందు సరుకు చేసి, తర్వాత కొనేవాడి కోసం చూడాలి. ఈవీఎంకి ముందు ఆర్డరు వస్తుంది, తర్వాత సరుకు తయారవుతుంది. మిగిలిపోతుందేమోనన్న భయం అక్కడ తక్కువ.

నాలుగో జీ తెచ్చిన తంటా

చిన్నాయనను గట్టిగా దెబ్బకొట్టింది టీవీలు కాదు, ఫోన్లు. 2010 తర్వాత మన దేశపు ఫోన్ కంపెనీలు ఒక వెలుగు వెలిగాయి. 2014 చివర్లో మైక్రోమ్యాక్స్ స్మార్ట్‌ఫోన్లలో శాంసంగ్‌నే దాటిందని ఒక పరిశోధన సంస్థ లెక్కగట్టింది. హైదరాబాద్ కంపెనీ సెల్‌కాన్ 2015లో మేడ్చల్లో తయారీ మొదలుపెట్టింది. అదే ఏడాది శ్రీసిటీలో ఫాక్స్‌కాన్, చైనా కంపెనీ షావోమీ కోసం ఫోన్లు బిగించడం ప్రారంభించింది.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. దానికి 4జీ ఫోనే కావాలి. గోదాముల్లో చూస్తే 3జీ, 2జీ ఫోన్లు గుట్టలు! నవంబరులో పెద్దనోట్ల రద్దు. నగదు మీద నడిచే చిన్న ఊళ్ల ఫోన్ల వ్యాపారం ఆగిపోయింది. ఆ సందులో, 4జీ ఫోన్లు సిద్ధంగా పెట్టుకుని, ప్రకటనల ఖర్చుకు వెరవని చైనా కంపెనీలు మార్కెట్‌ను పట్టేశాయి.

అప్పుడొక కంపెనీ మనిషి చిన్నాయన దగ్గరికి వచ్చాడు. అరవై ఫోన్లు తీసుకుంటే అదనపు కమీషన్, ఒక టూరు ప్యాకేజీ అన్నాడు. తీసుకున్నాక తెలిసింది, అవన్నీ 3జీ ఫోన్లని కాదు... అది ఆయనకు ముందే తెలుసు. ధర తగ్గిస్తే ఆ తేడా కంపెనీ భరిస్తుందన్న మాట కాగితం మీద లేదని! నెల తిరక్కుండా కంపెనీ ధర తగ్గించింది. పంతొమ్మిది అమ్మాడు. నలభైఒక్కటి అలమారలో చేరాయి.

ఈ వ్యాపారంలో వ్యూహం అనే మాటకు సగం అర్థం ఇదేనేమో. సరుకు ఆగిపోతుందని పైవాడికి ముందు తెలుస్తుంది. వాడు డిస్ట్రిబ్యూటర్ మీదికి తోస్తాడు, డిస్ట్రిబ్యూటర్ డీలరు మీదికి, డీలరు అంగడి మీదికి. కంపెనీ పుస్తకంలో అది 'అమ్మకం'. రాయచోటిలో అది అప్పు. కానీ ఇలా తోసిన కంపెనీకీ చివరికి సుఖం లేదు. మరోసారి ఆ పేరు చెబితే అంగడివాడు తలుపు తియ్యడు. ఊరూరా అంగడి వాళ్ల నమ్మకమే తమ బలమైన కంపెనీలకు అది పోయాక ఇంకేం మిగిలింది?

మరి మనమేం చేయాలి?

ఇప్పుడు మా కడప పక్కనే కొప్పర్తిలో 540 ఎకరాల్లో ఎలక్ట్రానిక్స్ క్లస్టర్ ఉంది. సీసీ కెమెరాలు అక్కడ తయారవుతున్నాయి. చిన్నాయన బిగించే కెమెరాల్లో కొన్ని అక్కడివే. వినడానికి సంతోషంగానే ఉంటుంది. అయితే ఇతర బ్రాండ్ల కోసం వస్తువులు బిగించే కంపెనీలకు వంద రూపాయల సరుకు మీద మిగిలేది చాలాసార్లు ఐదు రూపాయల లోపే. అసలు విలువ చిప్పులో, డిజైన్లో, బ్రాండులో ఉంటుంది. అందుకే విడిభాగాల తయారీకి కేంద్రం 2025 మార్చిలో రూ.22,919 కోట్ల పథకం ఆమోదించింది. దాని ఫలం మా సీమ దాకా వస్తే మంచిదే. కానీ పథకం పెట్టుబడిలో పాలు పంచుకుంటుందే తప్ప, మిగిలిన సరుకును నెత్తినెత్తుకోదు.

ఇదే తమ్ముడికి చెప్పాను. 'వస్తువు బాగుంది. ఐదొందలు అన్న అంకె దగ్గరే భయమేస్తోంది. ఆ అంకె యాడినుంచి వచ్చింది?'

'విడిభాగాలు ఐదొందలకు తక్కువైతే ఆ రేటుకు ఇవ్వడన్నా' అన్నాడు.

అంటే అంకె రైతు దగ్గర్నుంచి రాలేదు, విడిభాగాలమ్మే షావుకారి దగ్గర్నుంచి వచ్చింది. ముప్పై డబ్బాలకు కొంటే ఒక్కో డబ్బా మీద ఖర్చు దాదాపు మూడోవంతు పెరుగుతుంది, లాభం పూర్తిగా పోతుంది. కానీ చేను నిలుస్తుంది. వాడికది రుచించలేదు. 'లాభం లేనిదానికి వ్యాపారమెందుకు?' అన్నాడు. చిన్నాయన అందుకున్నాడు. 'ముప్పై మంది యాడ తప్పు పడతారో తెలుసుకుంటావు. ఆ తెలివికి కట్టే ఫీజు అనుకో.'

ఇంకోటి కూడా అడిగాడు. 'లోపల పెట్టే సిమ్ ఏ జీ?' వాడు 2జీ మాడ్యూల్ అన్నాడు, చవక కాబట్టి. 'జియోలో 2జీ లేదు. మిగిలినోళ్లు ఆపేసిన రోజు నీ డబ్బాలన్నీ ఏమవుతాయి?' వాడి దగ్గర జవాబు లేదు. ఆ రోజే 4జీ మాడ్యూల్‌కు మారాడు, ఖర్చు ఇంకాస్త పెరిగినా సరే.

ముప్పై డబ్బాలూ రైతుల దగ్గర సగం అడ్వాన్సు తీసుకునే చేశాడు. ఇరవైఆరు బాగా ఆడుతున్నాయి. నాలుగు తిరిగొచ్చాయి. ఒకదాంట్లో వైరు వదులైంది. మిగతా మూడింట్లో తంతి దూరే బెజ్జంలోంచి బల్లులు దూరి షార్ట్ చేశాయి! శ్రీసిటీలో ఏసీ హాల్లో పనిచేసినోడికి బల్లి సంగతి ఎట్లా తెలుస్తుంది? వాటికోసం బండి మీద లక్కిరెడ్డిపల్లె దాకా తిరిగిన పెట్రోలు ఖర్చు కూడా ఇప్పుడు ధరలో కలిపాడు. బెజ్జానికి రబ్బరు బిరడా పెట్టాడు. ఐదొందలు చేసుంటే యాభై పైన చేలచుట్టూ తిరిగేవాడేమో!

రెండో విడత యాభై. అందులో ముప్పైనాలుగింటికి అడ్వాన్సు వచ్చింది. పదహారింటి గురించి ఇంట్లో ఇప్పటికీ వాదన నడుస్తోంది. వాడు చేద్దామంటాడు, చిన్నాయన ఆగమంటాడు. చేను పత్రాలు మాత్రం పిన్ని ట్రంకుపెట్టెలోనే ఉన్నాయి.