తాత్పర్య నిర్ణయము - షడ్లింగములు

చదివినదంతయు జ్ఞప్తియందుండుట వేరు. చదివినదాని తాత్పర్యము తెలియుట వేరు. ఈ భేదము ఒక భాషాప్రవీణ విద్యార్థికి ఛాందోగ్యోపనిషత్తు ఆఱవ అధ్యాయము కడ తెలియవచ్చెను. పదునాఱు ఖండములును అతనికి కంఠస్థములు. మట్టి, బంగారము, ఇనుము, మఱ్ఱిగింజ, నీటిలో కరగిన ఉప్పు, ఏ దృష్టాంతమడిగినను తడుముకొనక చెప్పగలడు. "సరే నాయనా, ఈ అధ్యాయము దేనిని బోధించుచున్నది?" అని అధ్యాపకులడుగగా అతడు మఱల ఉప్పు వృత్తాంతమునే ఎత్తుకొనెను. తరగతి నవ్వెను. అధ్యాపకులు నవ్వలేదు. "ఉప్పు నీటిలో కరగినట్లు నీకు విషయము దృష్టాంతములో కరగిపోయినది. కానరానంత మాత్రమున లేదనుకొనకుము, రుచి చూడుము" అనిరి.

ఆ రుచి చూచు విధానమే షడ్లింగ విచారము. ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి అనునవి తాత్పర్యమును పట్టియిచ్చు గుర్తులు. సదానందుని వేదాంతసారము వీనిని ఈ అధ్యాయమునకే అన్వయించి చూపినది. అద్వితీయమగు సద్వస్తువుతో ఆరంభము. సర్వమును తదాత్మకమనుటతో ముగింపు. నడుమ మహావాక్యము తొమ్మిది పర్యాయములు ఆవృత్తమైనది. ఆ వస్తువు ప్రమాణాంతరములకు గోచరము కానిది. దానిని ఎఱుగుటకు ఫలము మోక్షము. దేనిని వినిన విననిదియు వినినట్లగునో అను ప్రశంస అర్థవాదము. మట్టి తెలిసిన కుండలన్నియు తెలిసినట్లేయను యుక్తి ఉపపత్తి.

ఇందు గమనింపదగిన దొకటి కలదు. ప్రశంసయు యుక్తియు ప్రధానార్థము కావు. అయినను లింగములలో చేరినవి. ఏలయన, దేనిని పొగడుచున్నది, దేనిని సాధించుచున్నది అని అడిగినచో అవియే ప్రధానమును చూపును. కావున ఉపోద్బలకములను విడిచిపెట్టుటయు తప్పే, వానియందే నిలిచిపోవుటయు తప్పే. ఈ లింగములు వాదమును ముగించునవియు కావు. ఆ దృష్టాంతములనే ఆధారము చేసికొని మధ్వ సంప్రదాయము భేదమును సాధించినది. లింగ విచారము వలన ఎవరి నిర్ణయమునకైనను ఆధారము ఎక్కడనున్నదో చూపుట సాధ్యమగును.

ఆ రాత్రి విద్యార్థి అధ్యాయమును మొదటినుండి చదివెను. పండ్రెండేండ్లు వేదములన్నియు చదివి గర్వముతో ఇల్లు చేరిన శ్వేతకేతువును తండ్రి యొక్క ప్రశ్నతో నిలిపిన ఘట్టము అతనికి కంఠస్థమే. అది తన్ను గూర్చినదని మాత్రము నాడే తెలిసినది.