పాట ఆగిన కారు

పిల్లలూ! మా మనవడితో నంద్యాల నుంచి కారులో ఆళ్ళగడ్డ వెళ్ళాను. తిరుగు ప్రయాణంలో బండి ఒక పట్టాన కదలలేదు. నలుగురు తోస్తే ఇంజను అందుకున్నది. బ్యాటరీకి కరెంటు ఎక్కుతున్నదో లేదో చూద్దామని, ఇంజను నడుస్తూండగానే బ్యాటరీ తీగ ఊడబీకాను. డైనమోల కాలపు పద్ధతి అది. కారులో రేడియో టప్పున ఆగింది. మళ్ళీ పలకలేదు!

ఎందుకంటారా? ఇంజను తిప్పే ఆల్టర్నేటరు సుమారు 14 వోల్టులు ఇస్తుంది. వరదను చెరువు పట్టుకున్నట్టు, దాని హెచ్చుతగ్గులను 12 వోల్టుల బ్యాటరీ తనలో ఇముడ్చుకుంటుంది. బ్యాటరీని తప్పిస్తే వోల్టేజి క్షణంలో 100 దాకా కూడా ఎగరవచ్చు. ఇంజను స్టార్టు చేసేటప్పుడేమో 10 కన్న దిగువకు జారవచ్చు. ఫోను చార్జింగుకు ఆ తరవాతనే తగిలించాలి.

"జేజినాయనా, నువ్వు సైన్సు చెప్పినావంట గదా?" అన్నాడు మనవడు.

నంద్యాల చేరేదాకా నేను నోరెత్తలేదు.