కాట్రేనికోనలో లేతరంగుల ఇల్లు

కోనసీమలో ఆకుపచ్చకు కరువేమున్నది? అమలాపురం నుంచి ముమ్మిడివరం మీదుగా కాట్రేనికోన వెళ్ళే దారి పొడుగునా కొబ్బరితోటలూ, అరటిబోదెలూ, వరిచేలూ, కాలవలూను! ఆ పచ్చదనం మధ్య ఇళ్ళు మాత్రం రకరకాల రంగుల్లో కనబడతాయి. ఒకటి గులాబి, ఒకటి ఆకాశనీలం, ఇంకొకటి మావిచిగురు. చీరల కొట్లో మడతలు విప్పి పరచినట్లుంటుంది.

వెనుక ఈ సీమకు పెంకుటిళ్ళూ, మండువా లోగిళ్ళూ పేరు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానుకు ఈ తీరమంతా అతలాకుతలమైంది. వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి. కొబ్బరిచెట్లు లెక్కలేనన్ని నేలకూలాయి. ఆ రాత్రి చూసినవారికి డాబా గొప్పకోసం కాదు, ధైర్యం కోసం. అయితే డాబాలో ఎండాకాలం ఉక్క; తోటనీడన చీకటి. అందుచేత గోడల రంగు ఇక్కడ ఉత్త అలంకారం కాదు.

నేను దిగినది మా పెద్దక్కగారి ఇంట. అక్కడ అత్తాకోడళ్ళ మధ్య ఈ రంగుల మీదనే ముసుగులో గుద్దులాట నడుస్తున్నది. మేనల్లుడు కొబ్బరి దింపు డబ్బంతా పోసి వేయించిన ప్లాస్టిక్ పెయింటు రెండేళ్ళకే పెచ్చులూడింది.

“చూశావురా తమ్ముడూ! మా అత్తగారి నాడు తెల్లటి సున్నంతో ఇల్లు వెన్నెల్లా ఉండేది” అన్నది అక్క.

“ఇది నా ఇల్లు కూడానండి అత్తయ్యగారూ! ఒక్క గదైనా నాకు నచ్చిన రంగులో ఉండకూడదాండి?” అన్నది కోడలు. ఆ గొంతులో జీర విని అక్క మరి మాట్లాడలేదు.

ముసలి మేస్త్రీ వచ్చి గోడ తట్టి చూశాడు. “ఆయ్, గోడకి ఊపిరాడాలండి. సముద్రం దగ్గర కదండీ, నేలలో ఉప్పు. చెమ్మ గోడలోకి పాకుద్దండి. పైన ప్లాస్టిక్ పొర కప్పేస్తే అదెటు పోద్దండి? పొరని తోసేసుకుని వచ్చేద్దండి. సున్నమైతే చెమ్మని బైటికి పోనిస్తాదండి. సున్నంలో ఏ రంగు కలిపినా లేతగానే వస్తాదండి. మీ ఇద్దరి కోరికా ఒక్క బాల్చీలోనే ఉందండి!”

మాట నిజమే. తడిసిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతుంది. అయితే పద్ధతి తప్పరాదు. పాత పెయింటును సిమెంటు పూత కనబడేదాకా గీకించాలి. దానిమీద సున్నం పట్టదు. సున్నాన్ని కొన్నాళ్ళు నాననిచ్చి, పలచటి గుడ్డతో వడకట్టి, కాస్త జిగురు కలపాలి. గోడను ముందు తడిపి, పలచగా రెండు మూడు పూతలు వేయాలి. మందంగా ఒకేసారి పులిమితే చీరలకు అంటుకుంటుంది.

రంగులకు పచ్చమట్టి, జాజు, బట్టలకు పెట్టే నీలి బాగా నిలుస్తాయి. పసుపు పనికిరాదు. ఎర్రనీళ్ళు కలిపే ఇల్లాళ్ళకు వేరే చెప్పాలా, సున్నం తగిలితే పసుపు ఏమవుతుందో! తడిమీద ముదురుగా కనిపించే రంగు ఆరితే తేలిపోతుంది గనుక ముందు ఒక మూల వేసి, ఆరాక చూసుకోవాలి.

తోటవైపు చీకటి హాలుకు మీగడరంగు నిర్ణయించాం. పడమటెండ కొట్టే గదికి లేతనీలం. ఆకుపచ్చ వద్దన్నాను. కిటికీ తెరిస్తే ఆ రంగు ఊరికే లోపలికి వస్తుంది. గోడకూ అదే వేస్తే మనుషుల ముఖాలు పాలిపోయినట్లుంటాయి. కోడలి గదికి పచ్చమట్టిలో చిటికెడు జాజు కలిపి కనకాంబరం రంగు.

మూడోనాడు ఆరిన గదిలోకి అక్క వచ్చి, గోడమీద అరచెయ్యి ఆనించి చూసుకున్నది. చేతికి ఏమీ అంటలేదు.

“బాగానే ఉందే అమ్మాయ్! నా గదికి మాత్రం తెల్లసున్నమే.”

“అలాగేనండి” అంటూ కోడలు ఆ బాల్చీలో నీలిచుక్క తానే వేసి కలిపింది.